సెలవుల్లో సేవకు పోదాం – కానీ ఏ వాడకు?



మన సంచికలో దాదాపు ప్రతి ఏడాదీ 'విద్యార్థులు – సమాజ సేవ' అనే వ్యాసం ఒకటి ఉంటుంది. ఈసారి రాసే ముందు పాత సంచికలు తిరగేశాం. అన్నింటిలోనూ విద్యార్థులు సెలవుల్లో గ్రామాలకు వెళ్లి సేవ చేయాలని, దేశ భవిష్యత్తు యువత చేతుల్లోనే ఉందని రాసి ఉంది. అందులో తప్పేమీ లేదు. కానీ వెళ్లి వచ్చినవాళ్లు అక్కడ ఏం చూశారో, ఏం చేశారో, ఏం చేయలేకపోయారో ఒక్కదాంట్లోనూ లేదు. మేము పదకొండు మందిమి కిందటి దసరా సెలవుల్లో సేవా శిబిరానికి వెళ్లి వచ్చాం. నీతులు చెప్పే వయసు మాకు లేదు. చూసింది చూసినట్టు చెప్పి, దాని మీద మా అభిప్రాయం మీ ముందు పెడతాం. తప్పుంటే సరిదిద్దండి.

సెలవులంటే మనకు ఏమిటి?

సెలవులిస్తే కొందరు చుట్టాల ఇళ్లకు పోతారు, కొందరు టూర్లకు పోతారు. మనకు సెలవులంటే మెస్ మూత. వంట మనిషి గిన్నెలు బోర్లించేస్తాడు, కామాటి గదులకు తాళాలు వేస్తాడు. మనం ట్రంకు పెట్టెలు గోడవారగా పేర్చి, సంచి భుజాన వేసుకుని బస్టాండుకు పోతాం. ఇంటికి చేరిన మర్నాడే అమ్మతో కలిసి చేలోకి. దసరాకు పత్తి మొదటి తీత అందుకుంటుంది. సంక్రాంతి దాటితే మిరప కోతలు. వేసవి వస్తే మేస్త్రీ వెంట సిమెంటు పని, లేకపోతే పట్నంలో క్యాటరింగు. ఆ డబ్బులతోనే పరీక్ష ఫీజు, జత బట్టలు, చెప్పులు, ఫోన్ రీచార్జి. ఇది మీలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర లేదు.

అందుకే కాలేజీ నోటీసు బోర్డు మీద 'దసరా సెలవుల్లో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం' అన్న కాగితం చూడగానే మాలో చాలా మందికి ముందు గుర్తొచ్చింది సేవ కాదు, కూలి. ఏడు రోజుల కూలి పోతుంది. మా మిత్రుడొకడు ఇంటికి ఫోన్ చేసి చెబితే వాళ్లమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత "సర్టిఫికెట్ ఇస్తారా నాయనా?" అని అడిగిందట. ఇస్తారన్నాడు. "అయితే పో" అన్నదట. ఆ ఏడు రోజులు ఆమె ఒక్కతే పత్తి తీసింది.

తెలియని తమ్ముళ్ల కోసం రెండు మాటలు. జాతీయ సేవా పథకం, మనం ఎన్.ఎస్.ఎస్. అనేది, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబర్ 24న మొదలైంది. మొదట 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ప్రారంభించారు. చేరినవాళ్లు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. అది గాక దత్తత తీసుకున్న గ్రామంలో ఏడు రోజుల శిబిరం ఉంటుంది. బ్యాడ్జీ మీద కోణార్క్ రథచక్రం. దానికున్న ఎనిమిది ఆకులు ఎనిమిది జాములకు, అంటే రోజు మొత్తానికి గుర్తు. ఏ వేళ పిలిచినా సిద్ధంగా ఉండాలని అర్థం. నినాదం 'నేను కాదు, మీరు'. చాలా గొప్ప నినాదం. అయితే శిబిరంలో ఉన్నన్నాళ్లూ మాకు ఒక సందేహం పీడించింది. ఆ 'మీరు' అన్న మాటలో మేమూ, మా అమ్మానాన్నలూ లేమా?

ఏడు రోజులు

ఊరి పేరు రాయడం లేదు. ఆ ఊరిని వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు, మన ఊళ్లు చాలా వరకు అలాగే ఉన్నాయి. మొత్తం యాభై మంది వాలంటీర్లం. అందులో మన హాస్టల్ వాళ్లం పదకొండు మందిమి. ఊరి బడిలో బెంచీలు ఒక పక్కకు జరిపి పడుకున్నాం. ఉదయం ఐదింటికి విజిల్. వీధుల్లో నినాదాలు ఇస్తూ ఊరేగింపు, తర్వాత శ్రమదానం, మధ్యాహ్నం ఎవరో ఒక అధికారి ఉపన్యాసం, సాయంత్రం పాటలు, నాటికలు.

మొదటి రోజు బ్యానరు కట్టారు. పెద్దలు వచ్చారు. కొత్త చీపుర్లు చేతబట్టి వరసగా నిలబడి ఫొటో దిగారు. ఫొటో అయ్యాక చీపుర్లు మా చేతికిచ్చి టిఫిన్‌కు వెళ్లారు. మూడు రోజులు మేము బస్టాపు నుంచి రామాలయం దాకా ఉన్న పెద్ద వీధి ఊడ్చాం, కాలువ పూడిక తీశాం. ఆ కాలువలోని మురుగంతా ఊరి చివర ఉన్న మాల మాదిగ వాడల దగ్గరికి పోయి నిలబడుతుంది. శిబిరం పని పట్టికలో ఆ వాడలు లేవు. కాలువ ఊళ్లో శుభ్రంగా పారితే వాడలో ఇంకా ఎక్కువ మురుగు చేరుతుంది. మా శ్రమదానం చేసిన మేలు అదీ!

రెండో రోజు ఎండ బాగా కాసింది. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయనను మంచినీళ్లు అడిగాం. "రండి బాబూ, ఏ కాలేజీ మీది?" అని ఆప్యాయంగానే పిలిచి చెంబుతో నీళ్లు తెప్పించాడు. మాతో ఉన్న ఒక తోటి వాలంటీరు ముందు తాగాడు. ఈలోగా పెద్దాయన "మీదే ఊరు? ఇంటి పేరేమిటి? ఎక్కడుండి చదువుకుంటున్నారు?" అని ఒక్కొక్కరినీ అడగసాగాడు. మావాడొకడు "సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉంటామండీ" అన్నాడు. అంతే, చెంబు లోపలికి పోయింది. ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయి. తాగాక పక్కన పారేయమన్నాడు. తిట్టలేదు, కసరలేదు, నవ్వుతూనే మాట్లాడాడు. చెంబుతో తాగిన మిత్రుడు తల దించుకున్నాడు. వాడు ఆ పెద్దాయన కులం వాడే. ఆ రాత్రి వాడు తన దుప్పటి తెచ్చుకుని మా పక్కన పడుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు. మేమూ ఏమీ అడగలేదు.

1927 మార్చిలో మహద్ చెరువు నీళ్లు తాగడానికి అంబేద్కర్ గారు వేల మందిని వెంటబెట్టుకుని నడిచారని మనం ఏప్రిల్ 14న ప్రతి ఏడాదీ ఉపన్యాసాల్లో చెప్పుకుంటాం. అది చరిత్ర పుస్తకంలో పాఠం అనుకున్నాం. మా భుజాన చీపురు ఉండగా, జేబుకు సేవా బ్యాడ్జీ ఉండగా ఎదురవుతుందని అనుకోలేదు.

అవ్వ అడిగిన మాట

మూడో రోజు కాలువ చివర పని చేస్తుంటే వాడలోంచి ఒక అవ్వ వచ్చి మా వంక చూస్తూ నిలబడింది. "ఎవరి పిల్లలయ్యా మీరు? చదువుకునేవాళ్లు గదా, చీపుర్లెందుకు పట్టారు? ఇది మేం చేసేదే గదా!" అన్నది. మాకు జవాబు దొరకలేదు. తర్వాత బొడ్లోని సంచి తీసి, మడతలు పడిన కాగితం ఒకటి మా చేతిలో పెట్టింది. "చదువొచ్చు గదా నాయనా, ఇదేందో చూడు."

నాలుగు నెలల నుంచి ఆమెకు పింఛను రావడం లేదు. ఆధార్‌లో ఒక పేరు, పింఛను కాగితంలో ఒక పేరు. రెండు అక్షరాల తేడా. దానికి తోడు వేలిముద్ర పడటం లేదు. యాభై ఏళ్లు నాట్లు వేసి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్ల మీద గీతలు ఎక్కడుంటాయి? బాగు చేయిస్తానని ఒకడు డబ్బులు కూడా పట్టుకుపోయాడట. ఆ కాగితం ఆమె నాలుగు నెలలుగా ఎవరెవరికో చూపిస్తూనే ఉంది. ఊరి వీధి ఊడవడానికి యాభై మంది డిగ్రీ విద్యార్థులు బస్సులో వచ్చారు. ఆమె కాగితం చదవడానికి ఎవరూ రాలేదు.

ఆ రాత్రి మా ప్రోగ్రామ్ ఆఫీసర్ సార్ దగ్గరికి వెళ్లి విషయం చెప్పాం. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. పని పట్టిక ముందే పంపించామని, రిపోర్టులో ఏం రాయాలని అన్నారు. తెల్లారి టిఫిన్ దగ్గర ఆయనే పిలిచి, "మీరు పదకొండు మంది మధ్యాహ్నం నుంచి వాడకు పోండి. రిపోర్టు సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. ఆ సార్‌కు ఈ పేజీ ద్వారా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాం. మేము బయలుదేరేసరికి పన్నెండు మందిమయ్యాం. చెంబుతో తాగిన మిత్రుడు కూడా వచ్చాడు.

నాలుగు మధ్యాహ్నాలు అంబేద్కర్ విగ్రహం గద్దె మీద కూర్చున్నాం. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాం. నలభై ఒక్క పేర్లు రాసుకున్నాం. పిల్లల కుల ధ్రువీకరణ పత్రాలు, ఆదాయ పత్రాలు, ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పులు, వాడకపోవడంతో నిలిచిపోయిన బ్యాంకు ఖాతాలు. ఒక చెల్లి పదో తరగతి పాసై ఇంట్లో కూర్చుంది. ఇంటర్‌కు హాస్టల్ సీటు వస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒకామె భర్త చనిపోయి రెండేళ్లు దాటినా మరణ ధ్రువీకరణ పత్రం లేదు, దాంతో వితంతు పింఛనుకు దారి లేదు. మరణం 21 రోజుల్లోగా నమోదు చేయించాలని, ఏడాది దాటితే మేజిస్ట్రేటు అధికారం ఉన్న అధికారి ఉత్తర్వు తెచ్చుకోవాలని మేమూ అప్పుడే తెలుసుకున్నాం.

గమనించండి మిత్రులారా. ఈ పనుల్లో సగం మనకు వచ్చినవే. హాస్టల్ సీటు కోసం, స్కాలర్‌షిప్ కోసం మీసేవ చుట్టూ, ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ మనం తిరిగినంతగా మన తోటి విద్యార్థులు ఎవరూ తిరిగి ఉండరు. ఏ కాగితానికి ఏ కాగితం జత చేయాలో, ఏ కౌంటర్ దగ్గర ఏం అడుగుతారో, 'రేపు రా' అంటే ఎన్ని రోజులో మనకు కంఠతా వచ్చు. మనం పడ్డ ఆ తిప్పలే ఇంకొకరికి పనికొచ్చే చదువని మాకు ఆ గద్దె మీద తెలిసింది.

మేము చేసిన తప్పు

ఇంతవరకు చదివి మమ్మల్ని మెచ్చుకోవద్దు. తర్వాత జరిగింది కూడా చెప్పాలి.

ఏడో రోజు సభ, శాలువాలు, సర్టిఫికెట్లు, గ్రూపు ఫొటో అయ్యాయి. బస్సెక్కి వచ్చేశాం. వచ్చాక పరీక్షలు, రికార్డులు. నోటుబుక్కు ఒక ట్రంకు పెట్టె అడుగున పడింది. రెండు నెలల తర్వాత, డిసెంబర్‌లో, మాలో ఐదుగురం సొంత ఛార్జీలతో మళ్లీ ఆ ఊరు పోయాం. నలభై ఒక్కటిలో పదమూడు పనులు అయ్యాయి. అవ్వ పింఛను మళ్లీ వస్తోంది. మిగతావి ఎక్కడివక్కడే.

వాటిలో ఒకటి మా వల్ల చెడిపోయింది. ఒక పెద్దాయన పింఛను దరఖాస్తులో ఓటరు కార్డు చూసి వయసు రాశాం. ఆధార్‌లో వేరే ఏడాది ఉందని చూసుకోలేదు. దరఖాస్తు తిరిగి వచ్చింది. ఆయన రెండుసార్లు కూలి మానుకుని మండల ఆఫీసుకు తిరిగాడు. ఎందుకు తిరిగి వచ్చిందో చెప్పేవాళ్లు లేరు, రాసిన మేమేమో హాస్టల్లో హాయిగా ఉన్నాం. మేము తప్పు ఒప్పుకుంటే "పోనీలే బాబూ, మీరన్నా మళ్లీ వచ్చారు" అన్నాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఏడు రోజుల సేవలో ఉన్న లోపం మాకు అక్కడే అర్థమైంది. ఊడ్చిన వీధి మర్నాటికి మళ్లీ పాడవుతుంది, అందులో ఎవరికీ నష్టం లేదు. కానీ ఒక మనిషి కాగితం చేతిలోకి తీసుకుంటే అది పూర్తయ్యేదాకా బాధ్యత మనదే. సగంలో వదిలేయడం కంటే అసలు ముట్టుకోకపోవడమే మేలు.

చీపురు సంగతి

శిబిరం నుంచి వచ్చాక స్టడీ అవర్ అయిపోయిన తర్వాత దీని మీద మాలో చాలా వాదన జరిగింది. 1901లో కలకత్తా కాంగ్రెస్ సభలకు వెళ్లినప్పుడు గాంధీజీ స్వయంగా చీపురు పట్టి మరుగుదొడ్డి శుభ్రం చేశారు. ఆ పని ఎన్నడూ చేయని కులాల వాళ్లు అక్కడ నిండుగా ఉన్నారు. వాళ్ల ముందు ఆయన ఆ పని చేయడం పెద్ద పాఠమే. ఎన్నడూ చీపురు ముట్టనివాడు ముడితే ఊరు ఆగి చూస్తుంది. మనం ముడితే ఊరు చూడదు. మన తాతలు వెట్టి చేసినప్పుడు ఎలా చూడలేదో అలాగే. అంబేద్కర్ గారు మనవాళ్లకు చెప్పింది వేరు. ఆ వెట్టి పనులు వదిలేయండి, పిల్లలను బడికి పంపండి అన్నారు.

ఈ వాదన మాలో ఒకరికి నచ్చలేదు. వాళ్లమ్మ మున్సిపాలిటీలో స్వీపరుగా పనిచేస్తుంది. "మా అమ్మ చీపురుతోనే నన్ను ఇంతవాణ్ని చేసింది. దాన్ని తక్కువ చేసి రాస్తే నా పేరు కలపొద్దు" అన్నాడు. వాడి మాట నిజం. అందుకే జాగ్రత్తగా చెబుతున్నాం. చీపురు నీచమైందని మేము అనడం లేదు. ఇతరులు ఒక గంట పడితే అది సేవ, వాడి తల్లి ముప్పై ఏళ్లు పడితే అది ఆమె కులం పని అనే లెక్క మాత్రం తప్పంటున్నాం. శిబిరంలో ఊడ్చే పని ఉంటే యాభై మందీ ఊడవాలి, పెద్ద వీధితో పాటు వాడా ఊడవాలి. అప్పుడు మేమూ పడతాం. ఈ మాటకు వాడు కూడా ఒప్పుకున్నాడు.

వందేళ్ల కిందటి ఒక హాస్టల్

ఇదంతా కొత్త ఆలోచన అనుకోవద్దు. అంబేద్కర్ గారు 1924 జూలైలో బొంబాయిలో బహిష్కృత హితకారిణి సభ స్థాపించారు. ఆ సభ మొదట చేపట్టిన పనుల్లో ఒకటి షోలాపూర్‌లో మన పిల్లల కోసం హాస్టల్ తెరవడం. 1925 జనవరిలో అది మొదలైంది. తిండి, బట్ట, పుస్తకాలతో పాటు విద్యార్థులకు సంఘసేవ మీద ఆసక్తి కలిగించడం కూడా ఆ సభ పనిగా పెట్టుకుంది. ఆ హాస్టల్ విద్యార్థులు 'సరస్వతీ విలాస్' అనే మాసపత్రిక కూడా నడిపారు. అంటే మీ చేతిలో ఉన్న ఈ సంచికకు వందేళ్ల కిందటే ఒక అన్న ఉన్నాడన్నమాట! హాస్టల్ అంటే అన్నం పెట్టి పడుకోబెట్టే చోటు అని ఆనాడే అనుకోలేదు. చదివినవాడు వెనక్కి చూడాలనే అనుకున్నారు.

మన తెలుగు నేల మీదే ఇంకొక ఉదాహరణ ఉంది. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. పగలు కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లకు రాత్రి పూట వాలంటీర్లు లాంతరు వెలుగులో అక్షరాలు నేర్పారు. వాచకంలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ల పాఠం ఒకటి ఉండేది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠాన్ని తమ ఊళ్లో నిజం చేశారు. రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ మంట జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్య నిషేధం కూడా వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారనేది వేరే విషయం. పలక మీద అక్షరాలు దిద్దించిన ఆ వాలంటీర్లలో ఎవరూ ఇంత జరుగుతుందని అనుకుని ఉండరు. వాళ్లు చేసిందల్లా రాత్రి తర్వాత రాత్రి అదే వాడకు పోవడం.

ఎస్.ఆర్. శంకరన్ గారిని ఇక్కడ తలుచుకోకుండా ఉండలేం. సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా మన హాస్టళ్ల కోసం, గురుకులాల కోసం, వెట్టి కార్మికుల విడుదల కోసం ఆయన పడిన తపన మన సీనియర్లకు తెలుసు. 2010 అక్టోబర్‌లో ఆయన పోయినప్పుడు ఎన్నో హాస్టళ్లలో పిల్లలు ఏడ్చారని సీనియర్లు చెబుతారు. అంత పెద్ద అధికారి వాడలకు వెళ్లి నేల మీద కూర్చుని మాట్లాడేవారు. మనకు అంత అధికారం లేదు. నేల మీద కూర్చోవడానికి అధికారం అక్కర లేదు కదా!

మా ప్రతిపాదన

ఒకటి. వచ్చే వేసవి సెలవుల్లో మన హాస్టల్ తరఫున మనమే ఒక సేవా శిబిరం పెట్టుకుందాం. దూరపు ఊరు వద్దు. మన విద్యార్థుల సొంత ఊళ్లలోంచే మూడు వాడలు ఎంచుకుందాం. మూడేళ్ల పాటు అవే మూడు వాడలు. దసరాకు ఒకసారి, వేసవికి ఒకసారి తప్పనిసరిగా పోవాలి. మధ్యలో నెలకొకసారి ఎవరో ఇద్దరు పోయి రావాలి.

రెండు. పోయే ముందు పని నేర్చుకోవాలి. మేము చేసిన తప్పు మీరు చేయొద్దు. మన పూర్వ విద్యార్థుల్లో బ్యాంకులో ఉన్నవాళ్లు, రెవెన్యూలో ఉన్నవాళ్లు, వకీళ్లు, టీచర్లు ఉన్నారు. అన్నలారా, మీరు వార్షికోత్సవానికి వచ్చి సన్మానం చేయించుకుని పోతే మాకు సంతోషమే. కానీ ఒక ఆదివారం వచ్చి దరఖాస్తు ఎలా రాయాలో, ఏ చట్టం ఏం చెబుతుందో నేర్పితే ఇంకా సంతోషం.

మూడు. కూలి పోగొట్టుకుని వచ్చే విద్యార్థికి బస్సు ఛార్జీ, భోజనం పూర్వ విద్యార్థుల సంఘం భరించాలి. ఇంట్లో మరీ గడవని వాడిని బలవంతం చేయకూడదు, రాలేదని వాడిని చిన్నచూపు చూడకూడదు. ఆ వారం తల్లి పక్కన పత్తి తీసినవాడు కూడా సేవ చేసినట్టే లెక్క.

నాలుగు. బాలికల హాస్టల్ అక్కచెల్లెళ్లు కలిసి రావాలి. మేము గద్దె మీద కూర్చున్నప్పుడు ఎంతో మంది ఆడవాళ్లు దూరంగా నిలబడి చూసి వెళ్లిపోయారు. మాతో చెప్పుకోలేని సంగతులు వాళ్లకు ఉన్నాయి.

ఐదు. బ్యానరు, శాలువా, ఫొటో వద్దు. నోటుబుక్కు ఒకటి చాలు. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో తేదీతో సహా అందులో రాయాలి. ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోయేటప్పుడు దాన్ని జూనియర్లకు అప్పజెప్పి సంతకం పెట్టాలి.

కొందరు అడిగే ప్రశ్నలు

"అమ్మానాన్న చదువుకోమని పంపితే ఈ సేవలేమిటి, దీనితో ఉద్యోగం వస్తుందా?" అని కొందరు అడుగుతున్నారు. రాదు. చదువు పాడుచేసుకుని రమ్మని మేమూ అనం. సెలవుల్లో ఒక వారం అడుగుతున్నాం. నిజానికి ఆ వారంలో ఆఫీసులు ఎలా నడుస్తాయో, అధికారితో తల వంచకుండా ఎలా మాట్లాడాలో నేర్చుకున్నాం. ఏ గ్రూప్స్ కోచింగ్‌లోనూ అది చెప్పరు.

"మన వాడకే పోతామంటే మనమే గోడ కట్టుకున్నట్టు కాదా? ఊరందరికీ సేవ చేయాలి కదా?" అని మరికొందరు అంటున్నారు. మంచి ప్రశ్న. గద్దె దగ్గరికి పెద్ద వీధి నుంచి కూడా ఇద్దరు ముసలివాళ్లు వచ్చారు. వాళ్ల కాగితాలూ చూశాం. ఎవరొచ్చినా చూడాలి. ఎవరు ఏ గ్లాసులో నీళ్లు ఇచ్చారని ఆ పూట లెక్క పెట్టుకోకూడదు. కానీ గద్దె మాత్రం వాడలోనే ఉండాలి. ఇన్నేళ్లూ ప్రతి పనికీ వాడ ఊళ్లోకి నడిచింది. ఒక్క పనికైనా ఊరు వాడకు నడిచి రానివ్వండి.

మూడో ప్రశ్న ఎవరూ పైకి అడగరు. మనలో చాలా మంది డిగ్రీకి వచ్చాక సొంత వాడ పేరు చెప్పడానికి వెనకాడుతున్నాం. పట్నంలో అద్దె ఇంటి కోసం ఇంటి పేరు మింగేస్తున్నాం. ఉద్యోగం వచ్చాక పండగకు కూడా పోవడం లేదు. సేవకు వేరే ఊరు పోవడం మనకు సులువు, అక్కడ మనల్ని ఎవరూ గుర్తుపట్టరు. సొంత వాడలో అయితే "నువ్వు ఫలానా ఆమె కొడుకువు గదూ, ఇన్నాళ్లకు కనబడ్డావా" అంటారు. ఆ మాట పడటం కష్టమే. మాకూ కష్టంగానే ఉంది. ఇది రాసిన పదకొండు మందిలో ఆరుగురం మా సొంత వాడలో ఒక్క కాగితం కూడా ఇంతవరకు రాసిపెట్టలేదు. ముందు ఆ లెక్క సరిచేసుకుంటాం.

పాత నోటుబుక్కు స్టడీ హాలులో లైబ్రరీ బీరువా పక్కన బల్ల మీద పెట్టాం. ఇంకా ఇరవై ఎనిమిది పనులు మిగిలే ఉన్నాయి. దాని పక్కనే ఒక కొత్త నోటుబుక్కు ఉంది. మొదటి పేజీలో మా పదకొండు పేర్లు, మా వాడల పేర్లు రాశాం. పన్నెండోది చెంబు మిత్రుడిది, మన హాస్టల్ వాడు కాకపోయినా తనే వచ్చి రాసి వెళ్లాడు. వార్షికోత్సవం భోజనాలయ్యాక ఒకసారి అటు వచ్చి, మీ పేరు, మీ వాడ పేరు రాసి వెళ్లండి. పూర్వ విద్యార్థి అన్నలు ఏ ఆదివారం రాగలరో అది కూడా రాయండి.

జై భీమ్!

– సేవా శిబిరానికి వెళ్లి వచ్చిన మీ హాస్టల్ మిత్రులు